లెక్కలోకి రాని అడుగులు

ప్రబంధకవులు పురవర్ణనతో కావ్యాన్ని ఆరంభించడం మన సాహిత్యంలో పరిపాటి. మహాకావ్యానికి లాక్షణికులు చెప్పిన అష్టాదశ వర్ణనలలో నగరవర్ణన ఒకటి. ఆకాశాన్నంటే కోటగోడలు, పాతాళాన్ని తాకే అగడ్తలు, మదపుటేనుగులు, గాలిని మించిన గుర్రాలు, పూలతోటలు వర్ణించి కవులు ఆ నగర వైభవాన్ని చాటేవారు. నేటి పట్టణపు గొప్పతనాన్ని తెలుసుకోవడానికి అంత శ్రమ అక్కరలేదు. ఉదయం ఎనిమిదిన్నరకు బడి ముందున్న రోడ్డు అంచున ఒక్క అరగంట నిలబడి చూస్తే చాలును. పుస్తకాల సంచి బరువుకు ముందుకు వంగిన పిల్లవాడు ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎలా చేరుతున్నాడు? వాడి కోసం ఎవరు ఆగుతున్నారు? వాహనాలను ఎవరు ఆపుతున్నారు? ఈ ప్రశ్నలకు దొరికే సమాధానమే ఆ పట్టణ నాగరికతకు కొలమానం.

పశ్చిమ ప్రకాశమని వ్యవహరించే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో నిలబడి ఈ ప్రశ్నలు వేసుకోవడం సముచితం. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి విడివడి వచ్చిన సీమ ఇది. నల్లమల కొండలకు తూర్పున ఉన్న ఈ మెట్టప్రాంతంలో మార్కాపురం పలకలకు పేరుపడ్డ ఊరు. నోటుపుస్తకాలు విరివిగా రాకముందు ఇక్కడి నేలలోంచి తీసిన రాయి పలకగా మారి, ఎన్నో ప్రాంతాల పిల్లల చేత ఓనమాలు దిద్దించింది. అటువంటి ఊరి మీదుగా నేడు నకిరేకల్లు నుంచి ఏర్పేడు వరకు సాగే 565వ నంబరు జాతీయ రహదారి వెళుతున్నది. గిద్దలూరు, కంభం మీదుగా అనంతపురాన్ని గుంటూరుతో కలిపే 544డి జాతీయ రహదారి పోతున్నది. సరుకు లారీలు, శ్రీశైల యాత్రికుల బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు ఈ దారులనే పంచుకుంటున్నాయి. రోడ్డుకు ఒక పక్క ఇళ్లు, మరొక పక్క బడి ఉన్న ఊళ్లు ఇటువంటి దారుల పొడవునా కనిపిస్తాయి. ఆ ఊళ్లలోని పిల్లలు రోజుకు రెండుసార్లు జాతీయ రహదారిని దాటక తప్పదు.

‘రహదారి’ అనే మాటకు ఒక చరిత్ర ఉంది. ఫారసీ నుంచి మనకు వచ్చిన ఈ పదం, దారిలో సాగిపోవడానికి ఇచ్చే అనుమతి పత్రానికి, ఆ అనుమతికై చెల్లించే సుంకానికి పేరుగా ఉండేది. కాలక్రమంలో అది దారికే పేరైంది. పత్రం పోయినా ‘ఈ దారిపై ఎవరికి అనుమతి ఉంది’ అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. ఇంజను ఉన్నవానికి ఆ అనుమతి పుట్టుకతోనే వచ్చినట్లు, కాలినడకన వచ్చేవాడు దానిని ప్రతిసారీ చేయెత్తి, బతిమాలి పొందవలసినట్లు మనం ప్రవర్తిస్తున్నాం.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. పక్క అంచులతో కలిపి పది మీటర్ల వెడల్పున్న రోడ్డును, సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచే చిన్నపిల్ల దాటడానికి పది సెకన్లు పడుతుంది. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆ పది సెకన్లలో 167 మీటర్ల దూరం వచ్చేస్తుంది. అంటే ఆ పిల్ల అడుగు వేయడానికి ముందే, అంత దూరంలో ఉన్న బండి వేగాన్ని అంచనా వేసి నిర్ణయం తీసుకోవాలి. స్వీడన్ దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త స్టీనా సాండెల్స్ 1968లో వెలువరించిన గ్రంథంలో చిన్నపిల్లల ప్రవర్తనను ఈ కోణంలోనే పరిశీలించారు. దూరాన్నీ వేగాన్నీ కలిపి అంచనా కట్టే శక్తి చిన్న వయసులో పరిపక్వం కాదు. కనుక పిల్లలను రోడ్డుకు తగినట్లు మార్చాలని చూడటం కంటే, రోడ్డునే పిల్లలకు తగినట్లు మార్చడం పెద్దల కర్తవ్యమని ఆమె పరిశోధన చాటింది. ‘చూసుకుని దాటండి’ అని పిల్లలకు చెప్పి ఊరుకోవడం ఎంత అసంపూర్ణమైన రక్షణో దీనివల్ల స్పష్టమవుతుంది.

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించిన లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. సగటున రోజుకు తొంభైమంది నడుస్తూ వెళ్లి తిరిగి రాలేదు. ప్రతి ఐదు మరణాలలో దాదాపు ఒకటి ఏ వాహనమూ ఎక్కని మనిషిదే.

బడి వేళల్లో రోడ్డు మీద ఒక మనిషి నిలబడి, వాహనాలను ఆపి, పిల్లలను దాటించాలన్న ఆలోచన కొత్తది కాదు. బ్రిటన్‌లో 1953లో చేసిన చట్టం ఈ పనికి అధికార ముద్ర వేసింది. గుండ్రని పలక బిగించిన పొడవాటి కర్రను పట్టుకుని ఆ ఉద్యోగి రోడ్డు మీదికి రాగానే ఎంతటి వాహనమైనా ఆగాలి. ఆగకపోతే నేరం. అక్కడి పిల్లలు ఆ కర్ర ఆకారాన్ని చూసి దానిని పుల్లకు గుచ్చిన మిఠాయితో పోల్చి పిలుచుకుంటారు. మన పట్టణాలలో ఈ బాధ్యత ట్రాఫిక్ పోలీసులు, హోంగార్డుల మీద పడుతున్నది. అయితే ఏ పట్టణంలోనైనా దాటవలసిన చోట్లు ఎక్కువ, నిలబడగల మనుషులు తక్కువ. కనుక ‘కాపలా కావాలా’ అన్నదానికంటే ‘ఎక్కడ పెట్టాలి’ అన్నదే కఠినమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే తీరులోనే న్యాయాన్యాయాలు దాగి ఉన్నాయి.

సాధారణంగా మూడు సందర్భాలలో కాపలా మనిషి వస్తాడు. వాహనాలు కిక్కిరిసి కూడలి స్తంభించిపోతే వస్తాడు. అప్పుడతని దృష్టి వాహనాలను కదిలించడం మీదే ఉంటుంది కాని, పిల్లలను దాటించడం మీద ఉండదు. పలుకుబడి ఉన్నవారు కోరితే వస్తాడు. ఘోరం జరిగిపోయి జనం రోడ్డెక్కితే వస్తాడు. మొదటిది వాహనాల మేలు, రెండవది పెద్దల మేలు. మూడవదానిలో ఒక బిడ్డ ప్రాణమే అర్జీ అవుతుంది. ఈ మూడింటిలో ఏదీ పిల్లల అవసరాన్ని ముందుగా గుర్తించి చేసిన ఏర్పాటు కాదు.

పలుకుబడికీ ఆవేశానికీ అతీతంగా నిర్ణయం జరగాలంటే కొలత ఉండాలని విజ్ఞులు అంటారు. ఆ మాట నిజమే. కాని ఆ కొలత దేనిని కొలుస్తున్నదో కూడా చూడాలి. మనకు బాగా పరిచితమైన రైల్వేగేటునే తీసుకుందాం. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైలుమార్గం మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్ల మీదుగానే సాగుతుంది. రోడ్డు రైలుపట్టాలను దాటే చోట కాపలా మనిషి అవసరమా కాదా అని తేల్చడానికి రైల్వేశాఖ ఒక గుణకారాన్ని వాడుకలోకి తెచ్చింది. రోజుకు ఆ చోట నడిచే రైళ్ల సంఖ్యను, దాటే వాహనాల యూనిట్ల సంఖ్యతో హెచ్చవేస్తారు. మోటారు వాహనానికి ఒక యూనిట్. ఎద్దులబండికీ ఒక యూనిట్. సైకిల్ రిక్షాకు, ఆటోకు అర యూనిట్. పట్టాలు ఎంత దూరం కనిపిస్తాయన్న అంశాన్ని కూడా పరిశీలించేవారు. కాని కాలినడకన దాటే మనిషికి ఆ గుణకారంలో చోటు లేదు. ఎద్దులబండికి దొరికిన యూనిట్ పలకా బలపం పట్టుకుని నడిచే పిల్లకు దొరకలేదు.

వాహనాలను లెక్కించినంత మాత్రాన వాటిలో ఉన్నవారిని లెక్కించినట్లు కాదు. 2014 జూలై 24న నాటి మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే క్రాసింగ్‌లో ఒక పాఠశాల బస్సును నాందేడ్–సికిందరాబాద్ ప్యాసింజర్ రైలు ఢీకొన్నది. పదిమందికి పైగా చిన్నారులు ప్రాణాలు కోల్పోయారు. యూనిట్ల భాషలో చెప్పాలంటే పిల్లలతో నిండిన ఆ బస్సు ఒక మోటారు వాహనం. దాని విలువ ఒక్క యూనిట్. ఖాళీగా వెళ్లే లారీ విలువా అంతే. ఆ దుర్ఘటన తెలుగువారినందరినీ కలచివేసింది. ఆ తరువాత కొన్నేళ్లకు, 2019 జనవరి నాటికి దేశమంతటా బ్రాడ్‌గేజి మార్గాలలో కాపలా లేని క్రాసింగ్‌లను పూర్తిగా తొలగించారు. యూనిట్ల హెచ్చవేతను పక్కన పెట్టి, ఏ చోటినీ కాపలా లేకుండా వదలరాదని తీసుకున్న నిర్ణయమది. సంకల్పం ఉంటే సాధ్యమేనని అది నిరూపించింది.

మనిషిని నిలబెట్టడంతోనే పని పూర్తయిందని కూడా భావించరాదు. 2025 జూలై 8న తమిళనాడులోని కడలూరు జిల్లా సెమ్మన్‌కుప్పం వద్ద కాపలా ఉన్న గేటులోనే రైలు ఒక పాఠశాల వ్యానును ఢీకొనగా ముగ్గురు విద్యార్థులు మరణించారు. గేటు మూసి ఉంటేనే రైలుకు సిగ్నల్ పడే ఏర్పాటు అక్కడ లేదు. కాపలా మనిషి వెనుక అతని పొరపాటును అడ్డుకోగల వ్యవస్థ ఒకటి ఉండాలని ఈ సంఘటన హెచ్చరిస్తున్నది.

ఇప్పుడు మళ్లీ రోడ్డు దగ్గరికి వద్దాం. బ్రిటన్‌లో బడిపిల్లలను దాటించే ఉద్యోగిని ఎక్కడ నియమించాలో తేల్చడానికి స్థానిక సంస్థలు అనుసరించే మార్గదర్శకాలలో ఒక సూత్రం ఉంది. రద్దీ ఎక్కువగా ఉండే అరగంటలో దాటే పిల్లల సంఖ్యను, అదే అరగంటలో పోయే వాహనాల సంఖ్య వర్గంతో హెచ్చవేయాలి. లబ్ధం నలభై లక్షలు దాటితే ఆ చోటు కాపలాకు అర్హమైనది. దాటే పిల్లలు పదిహేనుమంది కంటే తక్కువైతే సాధారణంగా ఆ చోటును పరిశీలనకే తీసుకోరు. ఈ సూత్రానికి రైల్వే గుణకారంలో లేని సుగుణం ఒకటి ఉంది. ఇందులో నడిచే పిల్లలకు చోటుంది. అయినా ఇక్కడా ఒక చిక్కు పొంచి ఉన్నది. దానిని ఉదాహరణతో తెలుసుకోవచ్చు.

ఒక కాలనీ నుంచి అరవైమంది పిల్లలు రోడ్డు దాటి బడికి నడిచి వెళుతున్నారనుకుందాం. ఆ అరగంటలో 380 వాహనాలు పోతున్నాయి. సూత్రం ప్రకారం లబ్ధం 86,64,000. కాపలా మనిషి తప్పక రావాలి. అతను రావడం ఆలస్యమైంది. రోడ్డుకు భయపడి నలభైమంది తల్లిదండ్రులు తమ పిల్లలను మోటారు సైకిళ్ల మీద దింపడం మొదలుపెట్టారు. ఇప్పుడు నడిచే పిల్లలు ఇరవైమందే. వాహనాలు మాత్రం నలభై పెరిగి 420 అయ్యాయి. లబ్ధం 35,28,000కు పడిపోయింది. సూత్రం ప్రకారం ఆ చోటుకు ఇక కాపలా అక్కరలేదు. ఊరు మారలేదు, రోడ్డు మారలేదు, పిల్లలూ మారలేదు. వాహనాలు పెరిగి ప్రమాదం మరింత హెచ్చింది. కాగితం మీద మాత్రం అవసరం తీరిపోయింది. భయం వల్ల తగ్గిన అడుగులను క్షేమం వల్ల తగ్గినట్లుగా లెక్క పొరబడింది. ఈ లోపాన్ని గుర్తించడం వల్లనే అక్కడి స్థానిక సంస్థలు అనేకం వాహనాల వేగం, రోడ్డు మలుపు, చూపు ఆనే దూరం వంటి అంశాలకు కూడా అదనపు విలువలను చేర్చి చూస్తున్నాయి.

ఆ ఉదాహరణలో ఇంకా నడుస్తూ మిగిలిపోయిన ఇరవైమంది ఎవరు? మోటారు సైకిల్ లేని ఇంటి పిల్లలు. తెల్లవారుజామునే కూలికి వెళ్లే తల్లుల పిల్లలు. పశ్చిమ ప్రకాశంలో బతుకుతెరువు కోసం తల్లిదండ్రులు హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలకు వలసపోగా అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లలూ ఉన్నారు. వీరి తరఫున అర్జీ రాసేవారు ఉండరు. వీరి సంఖ్య ఏ సూత్రాన్నీ దాటదు. ప్రైవేటు విద్యాసంస్థలు తమ బస్సుల కోసం, గేటు కోసం మనుషులను నియమించుకోగలవు. ప్రభుత్వ పాఠశాలకు నడిచివచ్చే పిల్లకు ప్రభుత్వం తప్ప వేరొక దిక్కు లేదు. కాబట్టి పరిమితమైన కాపలాను పంచేటప్పుడు ఎక్కువమంది ఎక్కడున్నారన్న ప్రశ్నతో పాటు, వేరే రక్షణ ఏదీ లేనివారు ఎక్కడున్నారన్న ప్రశ్ననూ అడగాలి. ఈ వ్యాసంలో నేను ప్రధానంగా చెప్పదలచినది ఇదే.

ఇది దయాధర్మాలకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. విద్యాహక్కు చట్టం అమలుకు 2010లో కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు ఐదవ తరగతి లోపు పిల్లలకు ఒక కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలని చెప్పాయి. ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నట్లయితే ఆ దూరాన్ని ఇంకా తగ్గించి, ప్రమాదం తప్పే విధంగా బడిని నెలకొల్పాలని కూడా అవే నియమాలు పేర్కొన్నాయి. అంటే బడి హక్కులో బడికి వెళ్లే దారి కూడా ఒక భాగమని అంగీకరించినట్లే. మన రాష్ట్రంలో 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను సమీపంలోని ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు తల్లిదండ్రుల నుంచి వచ్చిన అభ్యంతరాలలో పసిపిల్లలు పెద్దరోడ్లు దాటవలసిరావడం ఒకటి. ఆ విధానాన్ని 2025లో ప్రభుత్వం ఉపసంహరించుకున్నది. ఒక తరగతిని ఒక భవనం నుంచి మరొక భవనానికి మార్చే ఉత్తర్వు, ఎందరో పిల్లలు రోడ్డు దాటవలసిన చోటును కూడా మారుస్తుందని ఆ అనుభవం నేర్పింది.

కాపలాను ఎక్కడ పెట్టాలన్న వివేకం మన పల్లెలకు కొత్త కాదు. చేను ఎంత పెద్దదైనా రైతు ఏడాది పొడవునా మంచె మీద కూర్చోడు. గింజ పాలుపోసుకున్న రోజులలో, పిట్ట వాలే వేళల్లో, అడవి వైపున్న గట్టు మీద కావలి ఉంటాడు. ఏది సుకుమారమైన దశ, ఏది ప్రమాదపు వేళ, ఏది ప్రమాదం వచ్చే దిక్కు అన్న మూడు ప్రశ్నలకు సమాధానమే అతని మంచె. అలాగే చెరువు కింద నీరు పంచే నీరుగంటి తూము దగ్గరి మడినే చూసుకుని సంతృప్తి పడితే అతని పని పూర్తికాదు. ఆయకట్టు చివరి మడికి నీరందినప్పుడే పంపకం సక్రమంగా జరిగినట్లు. కంభం చెరువు వంటి ప్రాచీన జలాశయం ఉన్న సీమలో ఈ న్యాయాన్ని ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. బడి దగ్గరి కాపలాకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. రోజంతా ఒక మనిషి నిలబడాలని ఎవరూ కోరడం లేదు. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట చాలును. అయితే ఆ గంట సరైన చోట, చివరి మడి దాకా చేరాలి.

‘ఒక మనిషిని నిలబెట్టడం కంటే అండర్‌పాసో, పాదచారుల వంతెనో కట్టడం శాశ్వత పరిష్కారం కదా’ అని కొందరు వాదిస్తారు. అవి కావలసినవే. కాని వాటికి నిధులు రావాలి, స్థలం కావాలి, ఏళ్లు గడవాలి. జాతీయ రహదారుల మీద స్పీడుబ్రేకర్లు ఉండరాదన్నది సాధారణంగా పాటించే విధానం కనుక ఊరివారు తమంత తాముగా వాటిని వేసుకోవడానికీ వీలులేదు. ఆ నిర్మాణాలు పూర్తయ్యేలోగా ఒకటవ తరగతి పిల్ల ఐదవ తరగతికి వస్తుంది. ఆ ఐదేళ్లూ ఆమె ఆ రోడ్డును దాటుతూనే ఉంటుంది. రేపటి వంతెన నేటి చేయూతకు ప్రత్యామ్నాయం కాజాలదు.

‘పెద్ద తరగతుల విద్యార్థుల చేతికే విజిల్ ఇచ్చి నిలబెట్టవచ్చు కదా’ అన్నది మరొక సూచన. విద్యార్థులు రోడ్డు అంచున చిన్నవారిని వరుసగా నిలిపి సహాయపడవచ్చు. వేగంగా వచ్చే లారీని ఆపవలసిన పని మాత్రం వారిది కాదు. చట్టబద్ధమైన అధికారం, తగిన శిక్షణ, దూరం నుంచే కనిపించే దుస్తులు ఉన్న వయోజనులే ఆ పని చేయాలి. అధికారం లేనివాడు రోడ్డు మధ్య నిలబడి చేయెత్తితే, ఆగడమూ ఆగకపోవడమూ డ్రైవరు మంచితనం మీద ఆధారపడుతుంది. పిల్లల ప్రాణాన్ని ఒకరి మంచితనానికి వదిలివేయడం పాలన అనిపించుకోదు.

మరి ఎవరు నిర్ణయించాలి? నేడు ఈ బాధ్యత పలు చేతుల మధ్య చెల్లాచెదురై ఉన్నది. రోడ్డు ఒక శాఖది, హోంగార్డు పోలీసు శాఖవాడు, బడి విద్యాశాఖది, వీధిదీపం పురపాలక సంఘానిది. ప్రతివారి పరిధీ వేరొకరి పరిధి దగ్గర ఆగిపోతుంది. పిల్ల మాత్రం ఒకే నడకలో ఈ నాలుగు పరిధులనూ దాటుతుంది. ఈ శాఖలన్నీ ఒకచోట కూర్చోవడానికి మోటారు వాహనాల చట్టంలోనే జిల్లా రహదారి భద్రతా కమిటీకి అవకాశం కల్పించారు. 2019 సవరణ ద్వారా చేరిన 198ఎ సెక్షను, రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలను పాటించక ప్రాణనష్టానికి కారణమైన వారికి లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని చెబుతున్నది. వ్యవస్థ ఉంది, చట్టమూ ఉంది. ఆ బల్ల మీదికి చేరవలసిన సమాచారమే సక్రమంగా చేరడం లేదు.

ఆ సమాచారాన్ని సమకూర్చగలది పాఠశాలే. ప్రతి పాఠశాల ఏటా తన పిల్లల దారిపటాన్ని తయారుచేయాలి. ఎందరు ఏ వీధి నుంచి వస్తున్నారు, ఎక్కడ రోడ్డు దాటుతున్నారు, వారిలో పదేళ్ల లోపు వారెందరు, రోడ్డు భయం లేకుంటే నడిచి రాగలిగినా వాహనం మీద వస్తున్న వారెందరు అన్న వివరాలు అందులో ఉండాలి. వాహనాల సంఖ్యతో పాటు వాటి వేగాన్ని, మలుపును, వర్షాకాలపు మసక వెలుతురును కూడా నమోదు చేయాలి. కమిటీ ఈ పటాలన్నిటినీ పోల్చి, ఏ చోటుకు కాపలా ఇస్తున్నదో, ఏ చోటుకు ఇవ్వలేకపోతున్నదో, ఎందుకో స్పష్టంగా రాసి ఆ జాబితాను ప్రతి బడి నోటీసుబోర్డు మీద అతికించాలి. అన్ని చోట్లకూ మనుషులు చాలకపోవచ్చు. కాని కారణం బహిరంగంగా ఉన్నచోట పలుకుబడికి పని తగ్గుతుంది. తమ పేరు జాబితాలో ఎందుకు లేదని అడిగే ధైర్యం సామాన్య తల్లిదండ్రులకు కలుగుతుంది.

ఈ పనిలో కళాశాల విద్యార్థులు చేయగలిగింది ఎంతో ఉంది. రెండు, మూడేళ్లలో వారిలో చాలామంది డ్రైవింగు లైసెన్సు, ఓటు హక్కు ఒకేసారి పొందబోతున్నారు. అంటే రోడ్డు మీద వేగాన్ని నిర్ణయించే అధికారం, రోడ్డును గురించి నిర్ణయించేవారిని ఎన్నుకునే అధికారం రెండూ వారి చేతికి వస్తాయి. అంతకుముందే ఒక ఉదయం తమ ఊరి ప్రాథమిక పాఠశాల దగ్గర, రోడ్డుకు ఎడంగా సురక్షితమైన చోట నిలబడి, అరగంటసేపు పిల్లలనూ వాహనాలనూ లెక్కించి చూడవచ్చు. ఎందరు పరుగెత్తారు, ఎందరు మధ్యలో ఆగిపోయారు, ఎందరు వెనుకకు తిరిగారు అన్నది రాసుకోవచ్చు. గణితం చదివేవారు ఆ అంకెలను పట్టికగా కూర్చవచ్చు. పౌరశాస్త్రం చదివేవారు దానిని ఏ అధికారికి అందజేయాలో తెలుసుకోవచ్చు. తెలుగు చదివేవారు ఆ అర్జీని స్పష్టమైన భాషలో రాయవచ్చు. ఎవరి కోసం రాసే అర్జీ అయినా సులభంగా అర్థం కావాలి. తమ కోసం తాము రాసుకోలేని పిల్లల పక్షాన రాసే అర్జీ మరింత స్పష్టంగా ఉండాలి.

లెక్క నిష్పాక్షికమైనదని మనం తరచూ అంటాం. కూడిక, గుణకారం నిష్పాక్షికమైనవే. దేనిని కూడాలి, దేనిని వదలాలి అన్న నిర్ణయం మాత్రం మనుషులు చేసేది. ఆ నిర్ణయంలో నడిచే పిల్లకు మొదటి వరుసలో చోటు కల్పించిన పట్టణమే నాగరికమైన పట్టణం. ప్రతి ఏటా జూన్‌లో బడులు తెరుచుకుంటాయి. కొత్తగా చేరిన ఒకటవ తరగతి పిల్లలు ఆ ఉదయం మొదటిసారి ఆ రోడ్డు అంచుకు వస్తారు. కాపలా ఉండవలసిన చోట్ల జాబితా అంతకుముందే సిద్ధమై ఉండాలి.